గాలికి లేచిపోయిన షింగిల్స్: ఆరు పోతే కప్పంతా మార్చాలా?

ఏప్రిల్ వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆవకాయ ఫొటోలకంటే ఇంటికప్పు ఫొటోలే ఎక్కువ. గాలివాన, వడగళ్లు, తెల్లారేసరికి తలుపు తట్టే రూఫర్లు, అంటే కప్పు పనివాళ్లు. గాలికి లేచిపోయేవి షింగిల్స్, అంటే ఇక్కడి కప్పుల మీద వరసలుగా పరిచే తారు పలకలు. ఈసారి ఉత్తరాలు కూడా దాదాపు అన్నీ కప్పు గురించే వచ్చాయి కాబట్టి వంటగది ట్యాపు, గ్యారేజీ తలుపు ప్రశ్నల్ని వచ్చే నెలకి తోసేసి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మొన్నటి గాలివానకి మా ఇంటి వెనకవైపు కప్పు మీద ఆరో ఏడో షింగిల్స్ లేచిపోయాయి. రెండు లాన్‌లో దొరికాయి, మిగతావి ఎటు పోయాయో తెలీదు. ఇంట్లో ఇంకా ఎక్కడా కారడం లేదు. మర్నాడే ఒకాయన వచ్చి కప్పు మొత్తం పాడైపోయింది, మార్చాల్సిందే అన్నాడు. ఇల్లు కట్టి పదకొండేళ్లు. పోయినవి మాత్రం వేయించుకుంటే సరిపోదా? ఎన్నాళ్లు ఆగొచ్చు?
— ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: సరిపోవచ్చు. చాలా ఇళ్లకి సరిపోతుంది. ఆరు షింగిల్స్ పోయాయని కప్పంతా పీకించుకోవడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. అయితే అది కింద నిలబడి తేల్చే మాట కాదు, ఆ వచ్చినాయన కూడా కింద నిలబడే కదా చెప్పాడు.

ముందు ఎన్నాళ్లు ఆగొచ్చన్న సంగతి చూద్దాం. షింగిల్ లేచిపోయినచోట ఏం కనిపిస్తోందో ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. నల్లగానో బూడిదరంగులోనో దళసరి కాగితంలాంటి పొర కనిపిస్తే అది షింగిల్స్ కింద పరిచే ఫెల్టో, దాని బదులు ఈమధ్య వేస్తున్న సింథటిక్ పొరో అయి ఉంటుంది. చిరగకుండా ఉంటే ఒకటి రెండు వానల్ని ఆపుతుంది గానీ నెలల తరబడి ఎండకీ వానకీ ఆరుబయట ఉండటానికి చేసింది కాదది, అందులోనూ పాత మేకుల రంధ్రాలు అందులోనే ఉంటాయి. అలా కాకుండా లేత రంగు చెక్క కనిపిస్తే ఆలోచించకండి, ఆ రోజే టార్ప్, అంటే టార్పాలిన్ పట్టా, కప్పించండి. టార్ప్ కప్పడమంటే నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టడం కాదు. పై అంచు కొప్పు, అంటే రెండు వాలులు పైన కలిసే నెత్తి, దాటి అవతలి వాలు మీదకి పోవాలి, అంచుల్ని కర్రబద్దలకి చుట్టి ఆ బద్దల్ని బిగించాలి. పై అంచు కొప్పుకి ఇవతలే ఆగిపోయిందంటే పైనుంచి జారే నీళ్లన్నీ టార్ప్ కిందకే దూరతాయి, లోపల దూరిన నీళ్లు ఆరవు కూడా. కప్పకముందు ఫొటోలు తీసి పెట్టుకోండి, ఖర్చుకి రసీదు దాచండి. నష్టం ఇంకా పెరగకుండా చూసుకునే బాధ్యత మీదేనని ఇన్సూరెన్స్ పాలసీల్లో రాసి ఉంటుంది, రేపు క్లెయిమ్ దాకా పోతే ఆ రసీదు పనికొస్తుంది.

ఇక లాన్‌లో దొరికిన ఆ రెండు షింగిల్స్. వాటిని చెత్తబుట్టలో వేయకండి, మీ కప్పు సంగతి తలుపు తట్టినాయన కంటే అవే ఎక్కువ చెబుతాయి. ఒకటి తీసుకుని వెలుతురులో పట్టుకుని చూడండి. మేకులు దిగిన రంధ్రాలు ఎక్కడున్నాయి? ఈ పదకొండేళ్లలో కట్టిన ఇల్లంటే దాదాపు ఖాయంగా రెండు పొరల షింగిలే, దాదాపు 39 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ఉంటుంది, మేకు ఎక్కడ కొట్టాలో దాని మీద గీతలు గీసే ఉంటాయి. రెండు పొరలూ ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉండే సన్నటి పట్టీ అది. మేకు అక్కడ దిగితే రెండు పొరల్నీ పట్టుకుంటుంది, కింది వరస షింగిల్ పై అంచుని కూడా పట్టుకుంటుంది. రంధ్రాలు ఆ పట్టీకి అంగుళమో రెండంగుళాలో పైన కనిపించాయంటే ఒక్క పొరకే మేకు దిగిందన్నమాట, నెయిల్ గన్ పట్టుకున్నవాడు ఆ రోజు తొందరలో ఉన్నాడన్నమాట. అలాంటివాడు సరిగ్గా ఆ ఆరింటికే పైన కొట్టి మిగతా ఇల్లంతా పద్ధతిగా కొట్టాడని నమ్మలేం. రంధ్రాలు ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టండి, మామూలుగా షింగిల్‌కి నాలుగు మేకులు, గాలి ఎక్కువుండే చోట ఆరు కొట్టమని కంపెనీలే చెబుతాయి. మూడే ఉన్నాయంటే జవాబు దొరికినట్టే.

తర్వాత జిగురు చూడండి. షింగిల్ వరసలు ఒకదానికొకటి అంటుకోవడానికి తారులాంటి జిగురు గీతలు కంపెనీలోనే వేసి పంపుతారు, ఎండ వేడికి అవి కరిగి పట్టుకుంటాయి. గాలికి షింగిల్ లేవకుండా ఆపేది నిజానికి మేకులకంటే ఈ జిగురే. మీ దగ్గరున్న షింగిల్ జిగురుకి కింది షింగిల్ తాలూకు ఇసుక రవ్వలు చిరిగి అతుక్కుని వచ్చాయనుకోండి, పట్టు బాగానే ఉంది, గాలే గట్టిది. అదే జిగురు దుమ్ముపట్టి, నున్నగా, అప్పుడే పొట్లం విప్పినట్టుందంటే అది ఒక్క రోజు కూడా పట్టుకోలేదు. చలికాలంలో వేసిన కప్పుల్లో ఇది మామూలే, ఎండ తగిలి అంటుకునేలోపే దుమ్ము పడుతుంది. ఆఖరికి మధ్యాహ్నం పూట, షింగిల్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు, మెల్లిగా వంచి చూడండి. వంగితే ఇంకా ప్రాణం ఉంది, ఫెళుక్కున విరిగితే వయసైపోయింది.

రంధ్రాలు సరైన చోటే ఉన్నాయి, జిగురు పట్టింది, షింగిల్ వంగుతోంది అంటే పోయిన చోట కొత్తవి వేయించుకుని హాయిగా ఉండండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇన్‌స్పెక్టర్‌ని పైకి ఎక్కించి, ప్రతి వాలు మీదా అక్కడక్కడా షింగిల్ అంచుని వేళ్లతో నెమ్మదిగా లేపి చూడమనండి. చాలా వరకు అతుక్కుని ఉంటే రిపేరే, వేలు పెట్టగానే వరసలకి వరసలు లేస్తుంటే ఆ వాలు వరకైనా మార్చుకోవడం మేలు.

రిపేరు ఎలా చేస్తారో కూడా కొంచెం వివరంగా చెబుతాను, మిమ్మల్ని ఎక్కమని కాదు, ఎక్కినవాడు ఏం చేస్తున్నాడో తెలియడానికి. లేచిపోయిన చోట తరచూ సగం ముక్క మిగిలి ఉంటుంది, దాన్ని తీయాలి. తీయాలంటే దాని మేకులు కనపడాలి, అవి పై వరస షింగిల్ కింద దాక్కుని ఉంటాయి. అక్కడితో అయిపోదు, పై వరస మేకులు కూడా దీని పై అంచుని గుచ్చుకునే ఉంటాయి, అవి ఆ పై వరస, అంటే రెండో వరస, కింద ఉంటాయి. కాబట్టి ఒక్క షింగిల్ మార్చాలంటే పైన రెండు వరసల జిగురుని ఫ్లాట్ బార్‌తో విడదీయాలి. ఇది పొద్దున్నే చల్లటి పూట చేసే పని. మిట్టమధ్యాహ్నం జిగురు సాగుతుంది, పైనున్న మంచి షింగిల్స్ చిరుగుతాయి, బూటు కింద రవ్వలు రాలిపోతాయి, ఎండాకాలంలో కప్పు 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాలుతుంటుంది. పాత మేకులు పీకాక రంధ్రాల్లో రూఫింగ్ సిమెంట్ (పేరుకే సిమెంట్, తారులాంటి ముద్ద) పూసి, కొత్త షింగిల్‌ని కిందనుంచి పైకి తోసి, పక్క షింగిల్స్ అంచుకి సరిపోల్చి, గీత మీద మేకులు కొట్టి, పై వరసకి పీకిన మేకుల బదులు వాటి పక్కనే కొత్తవి కొట్టాలి. మేకు తల షింగిల్‌కి సమానంగా కూర్చోవాలి, లోపలికి కోసుకుపోయినా వంకరగా పైకి తేలినా దండగే. చివరగా, విడదీసిన ప్రతి షింగిల్ కిందా క్వార్టర్ నాణెమంత సిమెంట్ చుక్కలు మూడో నాలుగో పెట్టి నొక్కాలి. చాలామంది తప్పించుకునేది ఈ చివరి పనే. జిగురు ఒకసారి విడిపోయాక మళ్లీ దానంతటది గట్టిగా అంటుకుంటుందని నమ్మకానికి లేదు, చుక్కలు పెట్టకపోతే వచ్చే గాలికి మార్చినవాటి పైవి లేస్తాయి. అలాగని గరిటెలతో పూయకూడదు, సిమెంట్ ఎక్కువైతే షింగిల్ ఉబ్బి బుడగలొస్తుంది.

సామాను పెద్ద ఖర్చేం కాదు. మూడు బండిల్స్ వంద చదరపు అడుగులకి వస్తాయి, మీకు ఒక్క బండిల్ చాలు, అదీ మిగిలిపోతుంది. కూలీయే అసలు ఖర్చు, చిన్న పని కాబట్టి పెద్ద కంపెనీలు పలకవు. తుపాను హడావిడి తగ్గేదాకా టార్ప్‌తో ఆగి, రిపేర్లు మాత్రమే చేసేవాళ్లని వెతుక్కుంటే మీకు ఖర్చు కలిసొస్తుంది.

ప్రశ్న: బాబూ, నేను ఆరు నెలలకని మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. మొన్న గాలికి కప్పు మీద పెచ్చులు లేచిపోయాయి. మా అల్లుడు యూట్యూబ్ చూసి, నిచ్చెన కొనుక్కొచ్చి, శనివారం తనే ఎక్కుతానంటున్నాడు. ఆయన చేసేది కంప్యూటర్ ఉద్యోగం. మా మాట వినడు, మీరు రాస్తే వింటాడేమో.
— ప్లేనో, టెక్సస్ నుంచి ఒక అమ్మ

జవాబు: అమ్మా, మీది రెండంతస్తుల ఇల్లయితే ఈ పేజీ ఆయన ముందు పెట్టి, వద్దన్నానని చెప్పండి. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ల కప్పులు అడ్డానికి 12 అడుగులు పోతే 8 అడుగులో 10 అడుగులో పైకి లేచేంత ఏటవాలుగా ఉంటాయి. యూట్యూబ్‌లో కనిపించేవాడు నడుముకి తాడు కట్టుకుని ఉంటాడు, ఆ తాడు కొప్పు దగ్గర చెక్కలోకి బోల్టు వేసిన కొక్కేనికి కట్టి ఉంటుంది, వీడియోలో అది కనపడదు.

ఒక్క అంతస్తు, 12కి 4 లోపు వాలు, కప్పు పొడిగా ఉంది, పోయింది చూరుకి దగ్గర్లోనే అంటే మాత్రం నేను అడ్డుపడను. నిచ్చెన ఆనే ఎత్తు 12 అడుగులైతే దాని కాళ్లు గోడకి 3 అడుగుల దూరంలో ఉండాలి, అంటే ఎత్తులో నాలుగోవంతు. పైన చూరు దాటి ఇంకో 3 అడుగులు పొడుగ్గా ఉండాలి, అప్పుడే దిగేటప్పుడు పట్టుకోవడానికి ఆసరా దొరుకుతుంది. పడేవాళ్లు ఎక్కువగా పడేది దిగేటప్పుడే. నిచ్చెనని గట్టర్ రేకుకి ఆనించకూడదు, జారుతుంది, గట్టర్ కూడా నలుగుతుంది. పొద్దున మంచు తడి ఆరేదాకా ఎక్కకూడదు. కింద ఒక మనిషి ఉండాలి, ఫోన్ చూసుకుంటూ కాదు. కప్పు మీద కూడా సగం అరిగిన వాకింగ్ షూసు పనికిరావు, మెత్తటి రబ్బరు అడుగున్నవి కావాలి.

ఇంకోటి ఆయనకి చెప్పండి. షింగిల్ వెనక పొడుగ్గా పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, అది పీకక్కర్లేదు. బండిల్‌లో ఒకదానికొకటి అంటుకోకుండా వేసేది అది. కొత్తగా పనిచేసేవాళ్లు సగం పొద్దు దాన్ని పీకడంతోనే గడిపేస్తారు.

ప్రశ్న: వడగళ్లు పడ్డాక ఒక రూఫర్ వచ్చి, కప్పంతా ఇన్సూరెన్స్‌లో మార్పిస్తాను, మీ డిడక్టబుల్ కూడా నేనే చూసుకుంటాను, మీ జేబులోంచి పైసా పెట్టక్కర్లేదు అంటున్నాడు. మా వీధిలో ముగ్గురు సంతకం పెట్టేశారు. పెట్టమంటారా?
— మెకిన్నీ, టెక్సస్ నుంచి

జవాబు: వద్దు. డిడక్టబుల్ అంటే బీమా డబ్బు మొదలయ్యేముందు మీరు పెట్టుకోవాల్సిన వాటా. దాన్ని రూఫర్ చూసుకోవడం టెక్సస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి నేరం. డిడక్టబుల్ మాఫీ చేస్తామనో, వెనక్కి ఇస్తామనో, అంచనాలో కలిపేస్తామనో కాంట్రాక్టరు చెప్పకూడదు, ఇంటాయన అందులో తెలిసి పాలుపంచుకోకూడదు. కప్పు వయసుకని ముందు ఆపి ఉంచిన తరుగు డబ్బు ఇచ్చేముందు మీరు డిడక్టబుల్ కట్టినట్టు చెక్కు కాపీయో కార్డు రసీదో చూపించమని ఇన్సూరెన్స్ కంపెనీ అడగొచ్చు. ఊరికే వస్తోందన్న మాటకి పడిపోతే, ఆ డిడక్టబుల్ డబ్బు ఎక్కడో ఒకచోట పనిలోంచే కోసుకుంటాడు, అతుకుల దగ్గర నీళ్లు దిగకుండా వేసే పాత ఫ్లాషింగ్ రేకులే మళ్లీ వాడతాడు, ఫెల్ట్ నాసిరకం వేస్తాడు. ఎవడి జేబులోంచీ ఎవడూ మీ కప్పు వేయడు కదా.

లెక్క చూసుకోండి. గాలికీ వడగళ్లకీ ఇక్కడ డిడక్టబుల్ వేరుగా ఉంటుంది, అది డాలర్లలో కాదు, ఇంటి బీమా మొత్తంలో శాతంగా, ఎక్కువగా 1 లేదా 2 శాతం. ఇంటికి 5 లక్షల డాలర్ల కవరేజీ, 2 శాతం అంటే మొదటి 10 వేలు మీవే. ఆరేడు షింగిల్స్ పోయినవాళ్లు క్లెయిమ్ పెడితే వచ్చేది సున్నా, పైగా పెట్టినట్టు రికార్డు ఉండిపోతుంది. కాబట్టి ఫోన్ చేసేముందు పాలసీ మొదటి పేజీ చదవండి. అందులోనే ఇంకో సంగతి ఉంటుంది, కప్పుకి కొత్తదాని ధర ఇస్తారా, వయసు తరుగు తీసేసి ఇస్తారా అని. మొదటి రకం పాలసీలో కూడా డబ్బు ఒకేసారి రాదు, తరుగు పోను ముందు ఒక చెక్కు, పని పూర్తయ్యాక మిగతాది. రెండో రకంలో ఆ రెండో చెక్కు ఎప్పటికీ రాదు, పాత కప్పున్నవాళ్లకి అది పెద్ద దెబ్బ.

వీధిలో సంతకాలు పెట్టినవాళ్లకి కూడా చెప్పండి. ఇంటికొచ్చి చేయించుకున్న ఒప్పందాన్ని మూడు పనిదినాల్లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నియమాల్లోనే ఉంది. "ఇది ఇన్‌స్పెక్షన్‌కి అనుమతి మాత్రమే" అంటూ ఐప్యాడ్ మీద పెట్టించుకునే సంతకం కింద చాలాసార్లు మొత్తం పని వాళ్లకే ఇస్తున్నట్టు ఉంటుంది, స్క్రీన్ పైకి జరిపి చదవండి. టెక్సస్‌లో రూఫర్లకి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ అంటూ లేదు, ట్రక్కు, నిచ్చెన ఉంటే రూఫరే. అందుకే వాళ్ల బాధ్యతా బీమా పత్రాన్ని వాళ్ల చేతి నుంచి కాకుండా నేరుగా వాళ్ల ఇన్సూరెన్స్ ఏజెంటు నుంచి తెప్పించుకోండి. మీ తరఫున ఇన్సూరెన్స్ కంపెనీతో బేరమాడతానంటే అది కూడా కుదరదు, పని చేసేవాడు మీ క్లెయిమ్ వాదించకూడదు. నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే అడ్జస్టర్ వచ్చినప్పుడు పైన ఉండి దెబ్బలు చూపించడం వేరు, అది చేయనివ్వండి.

ప్రశ్న: ఎలాగూ కప్పంతా మారుస్తున్నాం. క్లాస్ 4 షింగిల్స్ వేయించుకుంటే మంచిదా, ప్రచారమా?
— ఆలెన్, టెక్సస్ నుంచి

జవాబు: ప్రచారం కాదు. వడగళ్ల దెబ్బకి తట్టుకునే షింగిల్స్ అవి. 2 అంగుళాల ఉక్కు గుండుని 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు పడేసినా పగలకపోతేనే క్లాస్ 4 ఇస్తారు. మన ప్రాంతానికి పెట్టుబడి దగ్గ వస్తువే, చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం తగ్గిస్తాయి కూడా. కానీ ఆ తగ్గింపుతోపాటు చూపుకి మాత్రమే ఉన్న దెబ్బలకి డబ్బివ్వం అనే కాగితం మీద సంతకం అడుగుతారేమో కనుక్కోండి. గాలికి దీంతో సంబంధం లేదు, గాలి రేటింగ్ వేరే ఉంటుంది, అడిగి తీసుకోండి.

ప్రశ్న: పోయినచోట నాలుగు షింగిల్స్ కొత్తవి వేయించాం. పనైతే బాగానే ఉంది గానీ వీధిలోంచి చూస్తే అతుకులేసిన చొక్కాలా ఉంది. హెచ్‌ఓఏ వాళ్లు, అంటే మా కాలనీ ఇళ్లవాళ్ల సంఘం, ఉత్తరం పంపారు. రంగు పేరు అదే, మరి తేడా ఎందుకు?
— అర్వింగ్, టెక్సస్ నుంచి

జవాబు: పేరు అదే అయినా మీ పాతవి ఎండకి వెలిసిపోయాయి, పైగా కంపెనీ ఒక్కో విడతకి రవ్వల పాళ్లు కొద్దిగా మారతాయి. కొత్తవి కూడా వెలుస్తాయి, ఒకటి రెండేళ్లు పడుతుంది. అంతవరకూ హెచ్‌ఓఏ ఆగనంటే దారి ఉంది. వీధికి కనపడని వెనక వాలు మీదనుంచి నాలుగు పాత షింగిల్స్ జాగ్రత్తగా తీసి ముందు వేయించండి, కొత్తవాటిని వెనక్కి పంపండి. పాతవి వంగుతున్నంత వరకే ఇది పని, పదిహేనేళ్లు దాటినవైతే తీసేటప్పుడే విరుగుతాయి. ఉత్తరానికి జవాబు మాత్రం వెంటనే రాయండి, కప్పు మార్పు కాదు రిపేరు మాత్రమేనని, కొన్న బండిల్ మీది రంగు పేరు ఫొటోతో సహా. చాలా కమిటీలు అక్కడితో ఊరుకుంటాయి. ఇల్లు కొత్తగా కొనుక్కుంటున్నవాళ్లు బిల్డర్ దగ్గర మిగిలిన బండిల్ ఒకటి అడిగి గ్యారేజీలో బల్లపరుపుగా పడుకోబెట్టి ఉంచండి, నిలబెడితే వంకరపోతాయి.

ప్రశ్న: జనవరిలో ఇక్కడ షింగిల్స్ పోయాయి. రూఫర్ ఏప్రిల్ దాకా ఆగమంటున్నాడు. తప్పించుకుంటున్నాడా?
— నేపర్‌విల్, ఇల్లినాయ్ నుంచి

జవాబు: లేదు, నిజాయితీగానే చెబుతున్నాడు. గడ్డకట్టే చలిలో షింగిల్ పెళుసుగా ఉంటుంది, పక్కవి లేపబోతే అవీ విరుగుతాయి, జిగురు ఎటూ అంటుకోదు. ఇప్పుడు టార్పో, తాత్కాలిక అతుకో వేయించుకుని ఆయన చెప్పినట్టు ఏప్రిల్‌లో పూర్తి చేయించండి. తప్పనిసరై చలిలోనే వేయించాల్సి వస్తే ప్రతి షింగిల్‌కీ చేత్తో సిమెంట్ చుక్కలు పెట్టాలని ఒప్పందంలో రాయించండి. పోయింది చూరు అంచునైతే ఇంకోటి కూడా చూడాలి. మీ వైపు చూరు దగ్గర మంచు కరిగి గడ్డకట్టి నీళ్లు వెనక్కి ఎక్కుతాయి కాబట్టి, అక్కడ అంటుకునే మందపాటి పొర ఒకటి గోడ లోపలి నుంచి ఇంకో 24 అంగుళాలు పైకి పోయేలా వేయాలి. లేచిన షింగిల్ కింద ఆ పొర ఉందో లేదో ఫొటో తీసి పంపమనండి.

ప్రశ్న: మా కప్పు మీద ఒక్క షింగిల్ కూడా పోలేదు, డ్రోన్‌తో చూపించాం. అయినా వాన పడితే బాత్రూమ్ సీలింగ్ మీద టీ మరకలా వస్తోంది. ఇల్లు ఉరుస్తుంటే షింగిల్స్ బాగున్నాయంటారేంటి?
— కేరీ, నార్త్ కరోలినా నుంచి

జవాబు: షింగిల్స్ బాగానే ఉండి ఉంటాయి. కప్పు కారేది ఎక్కువగా షింగిల్ మధ్యలో కాదు, ఏదో ఒకటి కప్పుని చీల్చుకుని పైకొచ్చిన చోట, కప్పు గోడని తాకిన చోట, రెండు వాలులు కలిసే లోయలో. బాత్రూమ్ అన్నారు కాబట్టి నా అనుమానం ప్లంబింగ్ గొట్టం మీదే. బాత్రూమ్ పైన గాలి గొట్టం ఒకటి కప్పు దాటి వస్తుంది, దాని మెడ చుట్టూ రబ్బరు కాలర్ ఉంటుంది. షింగిల్ కంటే ఆ రబ్బరు ముందు చస్తుంది, పదేళ్ల ఎండకి గుండ్రంగా పగుళ్లిస్తుంది. డ్రోన్ పైనుంచి తీస్తుంది కాబట్టి గొట్టం వెనకవైపు పగులు అందులో పడదు.

వాన పడుతుండగానే, లేదా మర్నాడు పొద్దున్నే, టార్చి పట్టుకుని అటిక్, అంటే సీలింగ్‌కీ కప్పుకీ మధ్య ఉండే అటక, ఎక్కండి. చెక్క దూలాల మీదే అడుగు వేయండి, మధ్యలో పరిచిన ఇన్సులేషన్ దూది మీద వేస్తే సీలింగ్ షీట్‌రాక్ పలక ఊడి కాలు బాత్రూమ్‌లోకి వస్తుంది. మరక పైన వెతకొద్దు, ఆ మరక నుంచి కొప్పు వైపు వెళ్లండి. నీళ్లు దూలం పట్టుకుని అడుగులకి అడుగులు జారి ఎక్కడో చుక్కగా పడతాయి. గొట్టం చుట్టూ చెక్క నల్లగా ఉందంటే అదే. వాన లేని రోజున తేల్చుకోవాలంటే ఒకరు లోపల, ఒకరు బయట గార్డెన్ పైపుతో నిలబడి, కిందనుంచి మొదలుపెట్టి ఒక్కోచోట పది నిమిషాలు నీళ్లు వదులుతూ పైకి పోవాలి. పైనుంచి మొదలుపెట్టారంటే అన్నీ తడిసిపోయి ఏదీ తేలదు. కాలరే అయితే పాతదాని మీదనుంచి గొట్టానికి తొడిగే కొత్త కాలర్లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి, షింగిల్స్ కదపకుండానే పనైపోతుంది. చుట్టూ కాల్క్ (సందులు పూడ్చే మెత్తటి ముద్ద) పూసి వెళ్లిపోతానన్నవాణ్ని పూయనివ్వకండి, రెండేళ్లు తిరక్కుండా మళ్లీ మీరే నాకు ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: మా అమ్మానాన్నలు కోనసీమలో పాత పెంకుటింట్లో ఉంటారు. కొబ్బరి మట్టలు పడి, కోతులు తిరిగి పెంకులు పగిలాయి, నాలుగైదు చోట్ల కారుతోందట. నాన్న మంచి పెంకు దొరకట్లేదని పైన రేకులు వేయించేస్తానంటున్నారు. నేనిక్కడి నుంచి ఏం చెప్పను? మా ఇంట్లో షింగిల్స్ గొడవ మీరు తేల్చారు కాబట్టి ఇదీ అడుగుతున్నాను.
— ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

జవాబు: రేకులు ఆపమని చెప్పండి, ఈ వేసవికైనా. బెంగుళూరు పెంకుకి, మంగళూరు పెంకన్నా ఇదే, ఒక సుఖం ఉంది, దాన్ని మేకులు పట్టుకోవు. వెనక ముక్కు రీపరుకి, అంటే కింద అడ్డంగా కొట్టిన చెక్కబద్దకి, తగులుకుని, పక్క పెంకు గాడిలో పక్క పెంకు కూర్చుని, తన బరువుతోనే నిలబడుతుంది. పగిలినదాన్ని మార్చాలంటే పైదాన్నీ పక్కదాన్నీ కాస్త ఎత్తి, ముక్కలు లాగేసి, కొత్తది తోసి ముక్కు తగిలిస్తే అయిపోయింది. షింగిల్‌కి పడే పాట్లేవీ దీనికి లేవు. పాట్లు పడాల్సిందల్లా పెంకు మీద అడుగుపడకుండానే. ఒకటి మార్చడానికి ఎక్కినవాడు నాలుగు పగలగొట్టి దిగుతాడు. నిచ్చెనని కప్పు మీద వాలుగా పడుకోబెట్టి, దాని మీదనుంచి పాకుతూ చేయమని చెప్పాలి, పెంకు నేసే పాతకాలం మనుషులు ఎవరైనా ఊళ్లో ఉంటే వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

మంచి పెంకు దొరకట్లేదని నాన్నగారు అన్నదానికి వెనకున్నది ఇదీ. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మొదలుపెట్టాక ఒక్కో ఫ్యాక్టరీ ఒక్కో అచ్చుతో పెంకులు చేస్తూ వచ్చింది, చూడటానికి ఒకేలా ఉన్నా గాడుల కొలత అణువంత తేడా. షాపులో కొత్తగా కొన్నది పాతవాటి మధ్య కూర్చోదు, కూర్చున్నట్టు కనిపించినా సందులోంచి జల్లు కొడుతుంది. కాబట్టి పగలని పెంకు ఒకటి దింపి, వెనక ఉన్న ఫ్యాక్టరీ ముద్ర చూసి, దాన్ని చేత పట్టుకుని వెళ్లమనండి. కోనసీమలో పాత పెంకుటిళ్లు పడగొట్టి డాబాలు వేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు, దింపిన పెంకుల్ని గోడవారగా పేర్చి ఎవరైనా అడుగుతారేమోనని చూస్తుంటారు. వాటిలో జత కలిసేవి ఏరుకోవచ్చు. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి, మొద్దుగా పలికితే పగులుంది, వదిలేయాలి. అవీ చాలకపోతే పైన అర్వింగ్ పాఠకుడికి చెప్పిన ఉపాయమే, వంటగది వెనకో పశువుల పాక మీదో ఉన్న పాతవి తెచ్చి ఇంటిమీద వేసి, కొత్తవన్నీ కలిపి ఆ పాక మీద వేయించండి, కొత్తవి కొత్తవాటితో సరిగ్గా కూర్చుంటాయి.

పెంకులు దించిన చోట రీపర్లని గోరుతో గీకి చూడమనండి. పొడి రాలితే చెదలు, ఆ బద్ద మార్చకుండా పెంకు వేస్తే ఏడాదికి మళ్లీ వంగి సందు పడుతుంది. కొప్పు పెంకుల సందుల్లో పూసిన సున్నం ఊడిపోయిందేమో కూడా అప్పుడే చూడాలి, నడిమింట్లో కారుతుంటే సగం సార్లు దోషం కొప్పుదే. ఈ పనంతా మే నెల దాటకుండా, తొలకరికి ముందే అయిపోవాలి. కొబ్బరి మట్టలకి మందు చెట్టు మీదే ఉంది, దింపువాడు ఎక్కినప్పుడు ఎండు మట్టలు కూడా కొట్టేయమని ఇంకాస్త ఎక్కువ ఇస్తే సరి. కోతులకి మాత్రం నా దగ్గర మందు లేదు.